కాజాలమ్మ సాక్షి సంతకం

దర్జీ కొట్టులోకి వచ్చినవాళ్ళంతా ముందు కత్తెర పట్టుకున్నవాడి వైపు చూస్తారు. ఆ తర్వాత మెషిన్ల మీద కూర్చున్నవాళ్ళని చూస్తారు. గుండీలు పట్టే కాజాలు కుట్టే మనిషి ఎక్కడ కూర్చుంటుందని అడిగితే, పాతికేళ్ళుగా అక్కడే బట్టలు కుట్టించుకుంటున్నవాళ్ళు కూడా తెల్లమొహం వేస్తారు. ఎన్ని ఊళ్ళు తిరిగినా, ఏ దేశం రైలు దిగినా ఇంతే. ఆ మనిషి కిటికీ పక్కన ఉంటుంది, వెలుతురు కోసం. తల వంచుకుని ఉంటుంది, కుట్టు కనబడడం కోసం. అలాంటి ఒక కొట్టులో కాజాలు కుట్టే కాజాలమ్మ తల వంచుకోవడానికి మూడో కారణం ఒకటి ఉంది. అది ఆ కొట్టులో ఎవరికీ తెలియదు. పదేళ్ళ కిందట పోయిన ఆవిడ భర్తకీ తెలియదు. ఆయన వీధి దీపాలు బాగుచేసేవాడు, నిచ్చెన మీద నుంచి ఊళ్ళో అందరి కిటికీల్లోకీ చూసినవాడు, సొంత ఇంట్లో మనిషి మనసులోకి మాత్రం చూడలేకపోయాడు. పిల్లలు లేరు. నా అనేవాళ్ళు ఎవరైనా ఉన్నారంటే ఒక్క పోస్టాఫీసు అక్క.

అక్క అంటే తోడబుట్టినది కాదు. ఇద్దరి కన్నా పెద్ద సంగతి ఒకటి ఇద్దర్నీ కలిపి కుట్టేసింది. పోస్టాఫీసు అక్క తల్లి ఒకప్పుడు కాజాలమ్మను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకుందని ఊరంతటికీ తెలుసు. ఊరికి ఆ సంగతి చెప్పింది అక్క. అక్కకి చెప్పింది వాళ్ళ అమ్మమ్మ. అమ్మమ్మకి చెప్పింది, అప్పటికి తొమ్మిదేళ్ళున్న కాజాలమ్మ.

అది అబద్ధం.

అరవై మూడేళ్ళుగా ఆ అబద్ధం తిండి తిని, బట్ట కట్టి, రెండు వారాలకోసారి ఆదివారం సాయంత్రం పళ్ళసంచీతో ఇంటికి వస్తోంది. అక్క ఉత్త చేతులతో ఎప్పుడూ రాదు. ఒకసారి వేడినీళ్ళ సంచీ తెచ్చింది, ఒకసారి ఉన్ని మేజోళ్ళు. ఎవరైనా ఎదురైతే కాజాలమ్మ భుజం మీద చెయ్యేసి, "మా అమ్మ ప్రాణమిచ్చి నిలబెట్టిన పిల్ల" అని పరిచయం చేస్తుంది. డెబ్బై రెండేళ్ళ పిల్ల. ఆ చెయ్యి భుజం మీద పడ్డ ప్రతిసారీ కాజాలమ్మ ఒక అంగుళం కుంగుతుంది. వయసుతో వచ్చిన గూని అనుకుంటారు చూసినవాళ్ళు.

ఆ సోమవారం అక్క ఏకంగా కొట్టుకే వచ్చింది, చేతిలో ఓ కాగితంతో.

"ఏమ్మా కాజాలమ్మా, అక్కగారొచ్చారు. ఇవాళ పనికి ఎగనామమేనా?" అన్నాడు కటింగ్ మాస్టరు.

"నువ్వు కత్తిరించిన కోటుకి చేతులు రెండూ ఒక్క పొడవు వచ్చిన రోజు చూద్దాంలే."

మెషిన్లు ఆగి నవ్వాయి. అక్క స్టూలు లాక్కుని కూర్చుంది. పాత నూలు గిడ్డంగి స్థలంలో మునిసిపాలిటీ వాళ్ళు గోడ కడుతున్నారట. యుద్ధం రోజుల్లో అక్కడ బంధించి ఉంచగా పోయినవాళ్ళ పేర్లన్నీ దాని మీద చెక్కుతారట. పేరు, చేసిన పని, దాని కింద ఒక్క వాక్యం.

"ఇరవై మాటలు దాటకూడదన్నారు. నలభై ఏళ్ళు పోస్టాఫీసులో టెలిగ్రాములు రాసి పంపినదాన్ని, ఇరవై మాటలు నాకో లెక్కా? ఇదిగో, వినవే." అక్క కళ్ళజోడు సర్దుకుని చదివింది. "పరాయి పిల్ల తప్పును తన నెత్తిన వేసుకుని, నోరు మెదపకుండా వెళ్ళిపోయిన తల్లి. ఎలా ఉంది?"

కాజాలమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ ఉండిపోయింది. దారం అప్పటికే ఎక్కి ఉంది.

"కింద సాక్షి సంతకం కావాలట. కళ్ళారా చూసినవాళ్ళు బతికుంటే వాళ్ళే పెట్టాలి. బతికున్నది నువ్వొక్కదానివేగా. శుక్రవారం పొద్దున శిల్పి రాయి మీద ఉలి పెడతాడు. ఇక్కడ పెట్టెయ్."

"కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానక్కా."

"ముక్కు మీదున్నదేంటి మరి?" అన్నాడు మాస్టరు.

"ఇది దగ్గరచూపుది."

"ఆ కాగితమేమన్నా కొండ మీదుందా అమ్మా?"

మళ్ళీ అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వి, "ఇంటి దగ్గరే తీరిగ్గా పెట్టు, గురువారం వచ్చి తీసుకెళ్తా" అని కాగితం మడిచి కాజాలమ్మ పనిబుట్టలో పెట్టి వెళ్ళింది. ఆ పూట కాజాలమ్మ కుట్టిన నాలుగు కాజాలూ విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది.

యుద్ధాల మీద లావుపాటి పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. ఏ సేనాపతి ఏ నది ఎప్పుడు దాటాడో, ఏ వంతెన ఎన్ని గంటలకి కూలిందో అన్నీ రాసి ఉంటాయి. ఆ సైన్యం వేసుకున్న కోట్లకి గుండీలు ఎవరు కుట్టారో ఎంత వెతికినా దొరకదు. ఆ యుద్ధంలో ఆ సైన్యం కోట్లకి గుండీలు కుట్టినవాళ్ళు ఆ సైన్యానికి ఖైదీలు. ఏ నేరమూ చెయ్యలేదు. ఒకనాడు గోడకి పేర్ల జాబితా అంటించారు, అందులో వీళ్ళ పేర్లున్నాయి. అంతే. ఎనిమిదేళ్ళ పిల్ల పేరు కూడా అందులో ఉంది, అక్షరదోషం కూడా లేకుండా.

ఆ పిల్లనీ తల్లినీ నూలు గిడ్డంగిలో పెట్టారు. కిటికీలకి నీలం రంగు పూసేశారు, పగలు కూడా లోపల సాయంత్రంలా ఉండేది. పొడుగాటి బల్లలు, బల్లకి ఎనిమిది మంది. తల్లి ఆడవాళ్ళ బట్టలు కుట్టే దర్జీ. ఆరేళ్ళకే కూతురికి గుడ్డపీలికల మీద కాజాలు నేర్పించింది. ఆ నేర్పే పిల్లని బల్ల దగ్గర కూర్చోబెట్టింది. చిన్న వేళ్ళు, గట్టి కుట్టు. పని వచ్చినవాళ్ళకి గంజి ఒక గరిటె ఎక్కువ పోసేవాళ్ళు. రెండో నెలలో తల్లి జ్వరంతో పోయింది. ఆ పొద్దున ఆవిడని దుప్పట్లో చుట్టి తీసుకెళ్తుంటే పిల్ల కుట్టు ఆపలేదు. ఆపితే గరిటె పోతుందని భయం. ఇదొక సిగ్గు. కానీ దీన్ని తల్చుకుని తనని తాను ఎప్పుడో క్షమించుకుంది. అసలు సిగ్గు ముందుంది.

పక్క సీటులో గుండీలు కుట్టే ఒకావిడ ఉండేది. పిల్లలకి పేర్లతో పనేముంది, గుండీల పిన్ని అని పిలిచేది. తల్లి పోయిన రోజు నుంచి పిన్ని ఆ పిల్లని తన దుప్పట్లోనే పడుకోబెట్టుకుంది. సూది గుచ్చుకోకుండా తన వేలికున్న ఇత్తడి తొడుగు తీసి ఇచ్చింది, తన వేలికి గుడ్డపీలిక చుట్టుకుంది. బయట అమ్మమ్మ దగ్గర దాచి వచ్చిన కూతురి గురించి చెప్పేది. "దానికి పదేళ్ళు. నీలాగే మొండి ఘటం. జడ వెయ్యనివ్వదు." ఈ పిల్ల మాత్రం జడ వేయించుకునేది. ఆ కూతురంటే లోపల్లోపల అసూయగా ఉండేది.

ఇక్కడ పనివాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మగవాళ్ళ కోటుకి కాజాలు ఎడమవైపు వస్తాయి, ఆడవాళ్ళ కోటుకి కుడివైపు. ఎందుకలా అంటే పదిమంది దర్జీలు పది కథలు చెబుతారు, ఒక్కటీ నమ్మేలా ఉండదు. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కాజా కోత తప్పిందంటే మాత్రం బట్ట పోయినట్టే. అందుకే ఆ బల్ల దగ్గర సుద్దతో గుర్తు పెట్టి చిన్న ఉలితో కోసే పని పిన్నిదే, పిల్ల కుట్టడం వరకే.

ఒక మధ్యాహ్నం పిన్నికి ఒళ్ళు కాలిపోతోంది. "రెండు నిమిషాలు తల వాల్చుకుంటానే, కత్తెరాయన వస్తే తట్టు" అని బల్ల మీద తల పెట్టింది. కత్తెరాయన అంటే పర్యవేక్షకుడు. మెడలో తాడుకి కత్తెర వేలాడేసుకుని తిరిగేవాడు. పిల్ల చూసింది. పిన్ని ముందు పన్నెండు కోట్లున్నాయి, ఒక్కటీ కొయ్యలేదు. లేచేసరికి అన్నీ కోసిపెడితే ఎంత మెచ్చుకుంటుందో అనుకుంది. సుద్ద తీసుకుంది, ఉలి తీసుకుంది. తల్లి దగ్గర నేర్చుకున్నట్టే శ్రద్ధగా, గీత చెదరకుండా, పన్నెండు కోట్లకీ కుడివైపు కోసేసింది. దాని చేతికి తెలిసింది ఆడవాళ్ళ బట్టలే మరి.

కత్తెరాయన వచ్చాడు. పై కోటు ఎత్తి చూశాడు, రెండోది చూశాడు. అరవలేదు. "ఎవరు కోసింది ఇవి?" అన్నాడు. పిన్ని ఉలిక్కిపడి లేచింది. పిల్ల చెయ్యి పైకి లేచింది, వేలు పిన్ని వైపు తిరిగింది.

ఆ సాయంత్రం పిన్నిని వెనక గేటు నుంచి లారీ ఎక్కించారు. వెనక గేటు దాటినవాళ్ళు తిరిగి వచ్చింది లేదు.

యుద్ధం అయిపోయాక పిల్లని అనాథాశ్రమంలో చేర్చారు. గిడ్డంగి నుంచి బతికొచ్చినవాళ్ళని వెతుక్కుంటూ ఓ ముసలావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని అక్కడికి నడిచి వచ్చింది. ఎంత దూరం నడిచిందో, కాళ్ళు వాచిపోయి చెప్పుల్లోంచి పొంగి ఉన్నాయి. "మా అమ్మాయి ఎలా పోయింది తల్లీ?" అని, మనవరాలిని బయట కూర్చోబెట్టి అడిగింది. పిల్ల ఆ కాళ్ళ వైపే చూస్తూ, "తప్పు నాదండీ. పిన్ని తన మీద వేసుకుని నోరు మెదపలేదు" అంది. సగం నిజమే కదా అనుకుంది. ముసలావిడ ఏడుస్తూ పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. ఏడాదిగా ఒడి ఎరగని పిల్ల. ఆ ఒళ్ళోంచి లేచి, కాదు, అలా జరగలేదు అని ఏ పిల్ల చెబుతుంది? ఆ వేళ చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకుంది. ఆ మర్నాడుకి అరవై మూడేళ్ళు పట్టింది.

అందుకే కొట్టులో ఏ కోటు చేతికొచ్చినా, "మగవాళ్ళదా, ఆడవాళ్ళదా?" అని అడిగి గానీ ఉలి పట్టదు. చీటీ మీద రాసి ఉన్నా అడుగుతుంది. "పెళ్ళికొడుకుదమ్మా, మీసాలు కూడా ఉన్నాయట" అని మాస్టరు ఆటపట్టిస్తాడు. తనూ నవ్వుతుంది.

మంగళ, బుధవారాలు కాగితం బుట్టలోనే ఉంది. పనికి వెళ్తూ వస్తూ కాజాలమ్మ మనసులో బేరాలాడుకుంది. ఇప్పుడు చెప్పి ఎవరికి మేలు? అక్కకి డెబ్బై నాలుగేళ్ళు, బీపీ ఉంది. తల్లి గొప్పదన్న గర్వం తప్ప ఆవిడకి మిగిలిందేముంది, అదీ లాక్కోనా? వినడానికి ఎంత దయగా ఉంది ఈ మాట. దాని అడుగున ఇంకో మాట ఉందని కాజాలమ్మకి తెలుసు. చెబితే ఆదివారాలు పోతాయి. ఈ ఊళ్ళో తన తలుపు కొట్టే మనిషి ఇంకొకరు లేరు. సంతకం పెడదామని ఒకసారి కలం మూత కూడా తీసింది. నోటి మాటైతే గాల్లో కలిసిపోతుందని ఇన్నాళ్ళూ సర్దుకుంది. రాయి మీద, గిడ్డంగి ఉన్న చోటే, సాక్షిగా తన పేరు పెట్టి చెక్కాలంటే చెయ్యి రాలేదు.

గురువారం మధ్యాహ్నం అక్క వచ్చేదాకా ఆగలేదు. తనే వెళ్ళింది. రెండో అంతస్తు. మెట్ల మీద మూడుసార్లు ఆగింది, మోకాళ్ళ వల్ల రెండుసార్లు.

"నువ్వెందుకొచ్చావే, నేను వస్తానన్నాగా. కూర్చో, టీ పెడతా."

"టీ వద్దక్కా. ఇది తప్పుంది." కాగితం బల్ల మీద పెట్టింది.

"అక్షరదోషమా? ఎక్కడ?"

"అక్షరాలు బానే ఉన్నాయి. పిన్ని తన నెత్తిన వేసుకోలేదు. నేను వేశాను. వేలు పెట్టి చూపించాను."

అక్క టీ గిన్నె చేతిలో పట్టుకునే ఉంది. కాజాలమ్మ పన్నెండు కోట్ల సంగతి మొదటి నుంచి చెప్పింది. మధ్యలో దగ్గొచ్చి ఆగినా అక్క నీళ్ళివ్వలేదు. అంతా విని, గిన్నె పక్కన పెట్టి, నెమ్మదిగా అంది.

"ఎనిమిదేళ్ళే కదే నీకు. ప్రాణభయంతో పసిపిల్ల ఏం చేస్తుంది..."

ఆ మాటలో తప్పించుకునే తలుపు తెరిచే ఉంది. అవును అని తల ఊపితే చాలు, లోపలికి వెళ్ళిపోవచ్చు. ఆదివారాలు కూడా మిగులుతాయి. కాజాలమ్మకి తల ఊపాలనిపించింది. అలా అనిపించినందుకు మరింత సిగ్గేసింది.

"ప్రాణభయం కాదక్కా. పిల్లల్ని వెనక గేటుకి పంపేవాళ్ళు కాదు. బెల్టుతో పది దెబ్బలు కొట్టేవాళ్ళు, అంతే. నాకది తెలుసు. అంతకు ముందోసారి తిన్నాను కూడా. పిన్నిని ఎక్కడికి పంపుతారో కూడా తెలుసు. అన్నీ తెలిసే చూపించాను. బెల్టు దెబ్బలకి భయపడి."

అక్క కుర్చీలో కూర్చుంది. ఆవిడ ముఖం ఒక్కసారిగా వయసు మళ్ళినట్టయింది. కింద వీధిలో ఎవరో బండి హారన్ అదేపనిగా కొడుతున్నారు.

"అమ్మ ఏమంది?"

"ఎప్పుడు?"

"నువ్వు చూపించినప్పుడు. నోరు మెదపలేదన్నావుగా ఇన్నాళ్ళూ. అదీ అబద్ధమేనా?"

"అబద్ధమే. నాది కాదు బాబూ అంది. రెండుసార్లంది. మూడోసారి ఆయన కాళ్ళు పట్టుకుని, నాకు కూతురుంది బాబూ, పదేళ్ళది, నా కోసం చూస్తుంటుంది అంది." కాజాలమ్మ చీరకొంగులో చేతులు దాచుకుంది. "ఎవరు చేశారో ఆవిడకి తెలుసక్కా. నా చేతికి సుద్ద అంటి ఉంది. నా వైపు చూసింది కూడా. కానీ నా పేరు మాత్రం చెప్పలేదు."

అక్క ఆ చివరి మాట విన్నట్టు లేదు.

"కూతురుంది అందా?"

"అంది."

"ఇంకోసారి చెప్పు. అమ్మ అన్నది అన్నట్టు."

చెప్పింది. అక్క కళ్ళు మూసుకుని వింది. కన్నీళ్ళు ముడతల్లో దారి వెతుక్కుంటూ దిగాయి. కాజాలమ్మ లేవబోతే చేత్తో ఆపింది.

"దగ్గరికి రాకు. కూర్చో. నీకో సంగతి చెప్పనా? ఇన్నాళ్ళూ మా అమ్మని అందరి ముందూ పొగిడాను. లోపల మాత్రం ఒక్కనాడు క్షమించలేదు. పరాయి పిల్ల కోసం నన్ను వదిలేసి వెళ్ళిపోయింది కదా అని. పదేళ్ళదాన్ని, కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. రెండు వారాలకోసారి నీకు పళ్ళెందుకు తెచ్చేదాన్నో తెలుసా? ప్రేమతో అనుకున్నావా? నాకన్నా నీలో ఏం ఎక్కువుందో చూద్దామని వచ్చేదాన్ని. ఎంత చూసినా కనబడలేదు."

 చెబితే గుండె తేలిక పడుతుందని కాజాలమ్మ ఎక్కడో ఆశపడింది, ఆ ఆశ ఇప్పుడు ముఖం మీద ఉమ్మినట్టుంది.

అక్క కలం తీసుకుని రాసిన వాక్యం అడ్డంగా కొట్టేసింది. కింద వేరేది రాసింది.  కాగితం ఇటు తిప్పింది. "తనకు కూతురుందని చివరిదాకా చెప్పిన తల్లి" అని ఉంది.

"దీనికి పెడతావా సంతకం?"

పెట్టింది. వంకరటింకరగా పడింది.

"ఇక వెళ్ళు."

గోడ తయారైంది. తెర తీసిన రోజు కాజాలమ్మ వెనక వరసలో, ఓ లావుపాటాయన చాటున నిలబడింది. అక్క ముందు వరసలో ఉంది, తల తిప్పలేదు. పేర్ల కింద వాక్యాలు, వాక్యాల కింద సన్నటి అక్షరాల్లో సాక్షుల పేర్లు. మర్నాడు కొట్టులో మాస్టరు, "గోడకెక్కావుగా కాజాలమ్మా, ఇక మాతో మాట్లాడతావా?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యే ఆవిడ జరిగిందంతా చెప్పేసింది, నాలుగు ముక్కల్లో. మాస్టరు నోట్లో జోకు నోట్లోనే ఉండిపోయింది. అప్పటినుంచి ఎవరూ ఆవిడని ఆటపట్టించడం లేదు. అది ఆవిడకి తిట్టుకన్నా కష్టంగా ఉంది.

ఆదివారాలు పోయాయి. సాయంత్రం అయితే చెవి తలుపు వైపే ఉండేది. ఏ ముఖం పెట్టుకుని ఎదురు చూస్తున్నానని తనని తానే తిట్టుకునేది.

నాలుగో నెలలో ఒకరోజు పనివేళ అక్క కొట్టు కిటికీ బయట వచ్చి నిలబడింది. చేతిలో సంచీ లేదు. లోపలికి రమ్మన్నా రాలేదు, స్టూలు జరిపినా కూర్చోలేదు.

"ఆ మాట చెప్పు" అంది.

మెషిన్లు ఆగాయి. కాజాలమ్మ సూది గుడ్డకి గుచ్చి పెట్టి, తలెత్తి, అందరూ వింటుండగా చెప్పింది. "నాది కాదు బాబూ. నాది కాదు బాబూ. నాకు కూతురుంది బాబూ, పదేళ్ళది, నా కోసం చూస్తుంటుంది."

అక్క విని వెళ్ళిపోయింది. వస్తానని అనలేదు. మళ్ళీ నెలకి వచ్చింది. ఆపై నెలకీ వచ్చింది. ఎప్పుడొచ్చినా కిటికీ బయటే నిలబడుతుంది, అదే అడుగుతుంది, కాజాలమ్మ అదే చెబుతుంది. ఒక్క మాట కలపదు, ఒక్క మాట తగ్గించదు. ఈసారి ఎప్పుడొస్తావని అడగాలని ప్రతిసారీ నోటిదాకా వస్తుంది. అడిగే హక్కు తనకి లేదని ఊరుకుంటుంది.